ఎన్కకు పోతదా, టీచర్?

నడుముకు ఎడమపక్క పది రోజులుగా సన్నగా నొప్పి వస్తూ పోతూ ఉంటే, వయసు మీద పడ్డాక ఇవన్నీ మామూలేలే అని నేను కొట్టిపారేసినా, మా కోడలు వినలేదు. పట్టుబట్టి బాన్సువాడ బస్టాండుకు దగ్గరలో ఉన్న స్కానింగు సెంటరుకు తీసుకువెళ్ళింది. అక్కడి అమ్మాయి నాచేత లీటరు నీళ్ళు తాగించి, మూత్రాశయం బాగా నిండితేనే బొమ్మ సరిగా కనబడుతుంది కనుక, తాను పిలిచేదాకా ఒంటికి వెళ్ళకుండా కూర్చోమన్నది. నాకు ముందు ఇంకా నలుగురున్నారు. అరగంట గడిచింది, ముప్పావుగంట గడిచింది, నుదుట చెమట పట్టింది, కాలు మీద కాలు వేసుకుని ఇనుప బెంచీ అంచు పట్టుకుని కూర్చున్నాను. ఇక నావల్ల కాదమ్మా అని లేచి చెబితే, ఆ అమ్మాయి నవ్వుతూ, "ఇంకొంచెం ఆగుండ్రి మేడం, ఇంక నిండలే" అన్నది.

ఆమె మాటలో తప్పేమీ లేదు, ఆమె చేస్తున్నది ఆమె పని. కానీ నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నొప్పి ఎక్కువైందనుకుని కోడలు కంగారుపడింది. కాసేపటికి పరీక్ష జరిగింది, ఇసుక రేణువు కంటే కాస్త పెద్ద రాయి ఒకటి ఉందనీ, నీళ్ళు బాగా తాగితే అదే పోతుందనీ చెప్పి పంపేశారు. నా సంగతి అంతటితో తేలిపోయింది. తేలనిది వేరే ఉంది. "ఇంకొంచెం ఆగు" అన్న ఆ మాటే, ఇంచుమించు అదే నవ్వుతో, పాతికేళ్ళ కిందటి ఒక మధ్యాహ్నం నేను ఒక ఆడపిల్లతో అన్నాను. అప్పటినుంచి ఇప్పటిదాకా ఈ సంగతి మా ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. నా ఈడు వాళ్ళు, ముఖ్యంగా నాలా బళ్ళో పనిచేసి రిటైరైన ఆడవాళ్ళు, చదివితే అర్థం చేసుకుంటారేమోనని ఇప్పుడు రాస్తున్నాను; క్షమిస్తారని కాదు.

నేను ముప్పై ఏళ్ళు జీవశాస్త్రం చెప్పాను. మొదట్లో చాలాకాలం పనిచేసింది బాన్సువాడలో జుక్కల్ వైపు వెళ్ళే బస్సెక్కితే అరగంటలో దిగే ఒక పల్లెటూరి హైస్కూల్లో. ఏ ఊరన్నది చెప్పను. తప్పు ఊరిది కాదు. మా తాతగారు కృష్ణా జిల్లా నుంచి వచ్చి నిజాంసాగర్ కాలువ కింద పొలం కొనుక్కుని స్థిరపడ్డారు, మాలాంటి వాళ్ళు కట్టుకున్న ఊళ్ళను ఇక్కడ క్యాంపులంటారు. నేను పుట్టిందీ పెరిగిందీ ఈ మట్టిలోనే అయినా, మా ఇళ్ళల్లో మాట మాత్రం ఆ వైపుదే. మాది మంచి తెలుగనీ, చుట్టూ వినపడేది సరిదిద్దవలసిన తెలుగనీ నా మనసులో ఒక గర్వం ఉండేది. పిల్లలు "గీడ", "గాడ" అంటే "ఇక్కడ, అక్కడ అనండి" అని రోజూ దిద్దేదాన్ని. ఈ మాట రాయకపోతే తరవాత జరిగింది అర్థం కాదు.

ఆ బళ్ళో నాకు పేరు తెచ్చింది ఒక చార్టు. నాలుగు డ్రాయింగు షీట్లు అతికించి, వేసవి సెలవులంతా కూర్చుని, విసర్జక వ్యవస్థ మొత్తం రంగుల్లో వేశాను. ఇటుక రంగులో రెండు మూత్రపిండాలు. కుడివైపు పైన కాలేయం కూర్చుని ఉంటుంది కనుక కుడిది ఎడమదాని కంటే కాస్త కిందికి దించి వేశాను, చాలామంది రెంటినీ ఒకే ఎత్తులో వేసేస్తారు. వాటి నెత్తిన పసుపుపచ్చని టోపీల్లా అధివృక్క గ్రంథులు. ఒక్కో పిండం లోపలి నొక్కు దగ్గర నుంచి బయలుదేరి వెన్నుకు అటూ ఇటూ జారుతూ దిగే రెండు మూత్రనాళాలు, జానెడు కంటే కొంచెం పొడుగు. అట్టడుగున, గాలి సగం ఊదిన బుడగలా మూత్రాశయం. తనిఖీకి వచ్చిన అధికారి ఒకాయన ఆ చార్టు ముందు చాలాసేపు నిలబడి, ఇలాంటిది పట్నంలో కూడా చూడలేదన్నాడు. ఆ మాట నేను ఎన్నేళ్ళు మోసుకు తిరిగానో! చార్టును గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టుకుని, ఆ పాఠం చెప్పే రోజు మాత్రం తీసేదాన్ని.

ఇంత చక్కగా మూత్రాశయం వేసిన నేను పనిచేసే బళ్ళో, ఆడపిల్లలకు మూత్రశాల లేదు. మగపిల్లలు ప్రహరీ గోడ దగ్గరకు పోయేవాళ్ళు. ఆడపిల్లలు రోడ్డు దాటి తుమ్మచెట్ల చాటుకు పోవాలి, అదీ ఇద్దరు ముగ్గురు కలిసి, ఒకరు కాపలా నిలబడి. బస్సులూ లారీలూ పోయే రోడ్డు అది. పంతుళ్ళ గది వెనక మాత్రం రేకు తలుపున్న చిన్న గది ఒకటి ఉండేది, ఇద్దరు ఆడ టీచర్ల కోసం కట్టించినది. దానికి తాళం. తాళంచెవి నా చేతిసంచీలో. పై తరగతుల ఆడపిల్లలనైనా దాన్ని వాడుకోనిద్దామా అని హెడ్మాస్టరుగారు ఒకసారి అడిగితే, వద్దు సార్, నీళ్ళు పొయ్యరు, నాలుగు రోజుల్లో పాడుచేస్తారు అని చెప్పినది మరెవరో కాదు, నేనే.

మన తరం ఆడవాళ్ళకు ఇందులో వింత కనబడకపోవచ్చు. మనకు ఆపుకోవడం ఒక చదువులా నేర్పారు. దూరం ప్రయాణముంటే ముందురోజు సాయంత్రం నుంచే మా అమ్మ మాకు మంచినీళ్ళు ఇచ్చేది కాదు. పెళ్ళయిన కొత్తలో అత్తవారింట పొద్దున తెల్లవారకముందు ఒకసారి, మళ్ళీ చీకటి పడ్డాకే. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పెద్ద టీచరమ్మ, నేను పొద్దున ఇల్లు వదిలితే మళ్ళీ ఇల్లు చేరేదాకా వెళ్ళను, అని గొప్పగా చెబితే, నేను ఆమెను చూసి నేర్చుకున్నాను. మనం పడ్డాం కాబట్టి వీళ్ళూ పడాలి అని ఎవరూ పైకి అనరు, కానీ నా మనసులో ఉన్నది అదేననుకుంటాను.

ఆ పిల్ల రెండు మైళ్ళ అవతలి తండా దాటి ఉన్న చిన్న పల్లె నుంచి నడిచి వచ్చేది. తండ్రి మద్నూరు మీదుగా పోయే లారీల మీద క్లీనరు, నెలకొకసారి ఇల్లు చూసేవాడు. తల్లి మా క్యాంపు పొలాలకే నాట్లకూ కలుపులకూ వచ్చేది, ఆదివారం మాత్రం ఏం చెప్పినా రాదు, తెల్లచీర కట్టుకుని ప్రార్థనకు వెళ్ళాలి. పిల్ల ఎనిమిదిలో చేరింది మొదలు నా తరగతిలోనే ఉంది. సన్నగా, పాలిపోయినట్టుండేది. నెలకోసారి జ్వరమని రెండు మూడు రోజులు ఎగ్గొట్టేది. వచ్చిన రోజున, పూటకు రెండుసార్లు చిటికెనవేలు ఎత్తి నిలబడేది. పాఠం మధ్యలో ఎవరూ బయటికి పోరాదని నాకొక నియమం. ఆ పిల్ల లేచినప్పుడల్లా నాకు విసుగు; నియమానికి ఎదురు చెబుతున్నదనిపించేది. మూడేళ్ళు అలా లేచింది. ఎందుకమ్మా నీకిన్నిసార్లు, అని ఆ మూడేళ్ళలో ఒక్కసారి అడగలేదు నేను, విసర్జక వ్యవస్థ కంఠతా వచ్చినదాన్ని.

పదో తరగతిలో ఆ పాఠం వచ్చింది. భోజనాల గంట అయ్యాక మొదటి పీరియడు. చార్టు తీసి బోర్డు మేకుకు తగిలించాను. నిజం చెప్పాలంటే ఆ పాఠమంటే నాకు లోలోపల ఇబ్బంది కూడా. మగపిల్లలు ఒకవైపు, ఆడపిల్లలు ఒకవైపు కూర్చుని ఉంటే, మూత్రం అన్న మాట దగ్గర నా గొంతు తగ్గిపోయేది, విసర్జన, వ్యర్థపదార్థం అని పక్కదారిలో నడిచేదాన్ని. అయినా బొమ్మ దగ్గరికి వచ్చేసరికి ఉత్సాహం వచ్చేది. నెత్తిమీది టోపీలు చూపించి, మనకు భయం వేసినప్పుడు గుండె దడదడ కొట్టుకునేది ఇక్కడ పుట్టే రసం వల్లనే అని చెబుతున్నప్పుడు ఆ పిల్ల చిటికెనవేలు ఎత్తింది. నేను నవ్వుతూ, "ఇంకొంచెం ఆగు, నీ గురించే చెప్పబోతున్నాను" అన్నాను. అందరూ నవ్వారు. ఆ పిల్ల కూర్చుంది.

అప్పుడు మూత్రనాళాలు మూత్రాశయంలోకి ఎలా వెళతాయో చెప్పాను. నిటారుగా వెళ్ళవు, గోడలో ఏటవాలుగా దూరి వెళతాయి; అందుకని సంచి నిండేకొద్దీ ఆ గోడే నాళాన్ని నొక్కి మూసేస్తుంది, కిందికి వచ్చినది మళ్ళీ పైకి పోవడమన్నది ఉండదు, ప్రకృతి ఎంత తెలివైనదో చూడండి, అన్నాను. ఆ పిల్ల మళ్ళీ లేచింది. ఈసారి వేలు ఎత్తలేదు. చార్టు వైపే చూస్తూ అడిగింది.

"ఎన్కకు పోతదా, టీచర్? ఉచ్చ... మల్ల పైకి ఎన్కకు పోతదా?"

తరగతి గొల్లుమంది. వెనక బెంచీల్లో మగపిల్లలు ఆ మాటే పట్టుకుని ఒకరినొకరు పొడుచుకుంటున్నారు. నా చెవులు వేడెక్కాయి. నేను ఇంతసేపూ ఎంతో జాగ్రత్తగా చుట్టుతిరిగి నడుస్తున్న మాటను ఈ పిల్ల నడిమధ్యకు తెచ్చి పడేసిందనిపించింది.

"పోదు. ఇప్పుడేగా చెప్పాను. ఎవరికీ పోదు," అన్నాను.

"మరి నాకెందుకు టీచర్..."

"నోరు ముయ్యి. ఆ మాటేమిటి, ఆ భాషేమిటి? వెళ్ళి గడప దగ్గర నిలబడు. రేపు మూత్రం అని యాభైసార్లు రాసుకుని రా."

ఆ పిల్ల వెళ్ళి గడప దగ్గర నిలబడింది. గంట కొట్టడానికి ఇంకా ఇరవై నిమిషాలుంది. నేను పాఠం సాగించాను. కాళ్ళు ఒకదానికొకటి మెలివేసి, పావడా గుప్పిట పట్టుకుని నిలబడి ఉండటం ఓరకంట కనబడుతూనే ఉంది. నటిస్తున్నదనుకున్నాను, అనుకున్నానా, అనుకోవడం నాకు సుఖంగా ఉండిందా, ఇప్పుడు తేల్చి చెప్పలేను. గంట కొట్టడానికి కొంచెం ముందు, మొదటి బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. చూస్తే గడప బండ మీద తడి, పిల్ల కాళ్ళ వెంట తడి, అది తల పూర్తిగా కిందికి దించేసి గోడకు మొహం పెట్టుకుని ఉంది.

ఆ క్షణంలో నేను చేయదగిన పనులు ఎన్నో ఉన్నాయి. చేతిసంచీ నా బల్ల మీదే ఉంది, తాళంచెవి అందులోనే ఉంది. నేను చార్టును గుడ్డలో చుట్టి, ఆడపిల్లలతో బకెట్టు నీళ్ళు తెచ్చి పొయ్యండని చెప్పి, ఆ పిల్ల పక్కనుంచే దాటుకుంటూ పంతుళ్ళ గదికి వెళ్ళిపోయాను. అక్కడ యాభైసార్లు రాయమన్న సంగతి చెప్పి నలుగురినీ నవ్వించాను కూడా. తడి సంగతి మాత్రం చెప్పలేదు. అంటే అది నవ్వు వచ్చే విషయం కాదని నాకు అప్పుడే తెలుసన్నమాట.

మర్నాడు ఆ పిల్ల రాలేదు. పక్క ఇంటి పిల్లచేత కాగితం పంపింది, రెండువైపులా వరసగా, గుండ్రని అక్షరాలతో, యాభైసార్లు. లెక్క చూడకుండానే సొరుగులో వేశాను. తరవాత వారం రాలేదు, రెండో వారం రాలేదు. మూడో వారంలో క్యాంపులో పుట్టింటికి వెళితే, మా అమ్మ అన్నం వడ్డిస్తూ, నాట్లకు వచ్చే ఆమె కూతురుకి వణుకు జ్వరం వచ్చి, ఒంటికి పోతే చీము పడుతున్నదని నిజామాబాదులో చేర్చారట, అని చెప్పింది.  ఆదివారం నాడు బత్తాయిలు కొనుక్కుని బస్సెక్కాను. దారి పొడుగునా ఏమని అడగాలో, ఏమని చెప్పాలో మనసులో కూర్చుకుంటూనే ఉన్నాను.

నన్ను చూడగానే తల్లి లేచి, కొంగుతో స్టూలు తుడిచింది. "పనులిడిసిపెట్టి ఇంత దూరం వచ్చిండ్రా టీచరమ్మా! మీ పాఠమంటే దీనికి పానం. మీరు ఏసిన బొమ్మ మా ఇంట్ల గోడకు బొగ్గుతోని గీసింది సూడుండ్రి, గదేందే అంటే నా కడుపుల ఉన్నదే అన్నది," అని చెప్పి కళ్ళు ఒత్తుకుంది. ప్రార్థన మానుకుని ఆసుపత్రిలో కూర్చున్న ఆదివారం అది. పిల్ల మంచం మీద పక్కకు తిరిగి పడుకుని ఉంది, చేతికి సెలైను. నన్ను చూసి లేవబోయింది. వద్దన్నాను.

అంతలో డాక్టరమ్మ వచ్చింది, నాకంటే చిన్నది. ఈమె మా బిడ్డకు సైన్సు టీచరమ్మ అని తల్లి చెప్పగానే ఆమెకు సంతోషమైంది, ఇన్నాళ్ళకు చెబితే తెలిసేవాళ్ళు దొరికారని. ఒక ఎక్సురే ఫిల్ము తీసి కిటికీ వెలుతురుకు అడ్డంగా పట్టుకుంది. మూత్రాశయంలోకి సన్నని గొట్టంతో మందు ఎక్కించి, పిల్ల ఒంటికి పోతున్నప్పుడు తీసిన ఫిల్మట. కింద తెల్లగా సంచి. ఆ సంచిలోంచి తెల్లటి తీగ ఒకటి ఎడమవైపు పైకి, పైపైకి, మెలికలు తిరుగుతూ ఎగబాకి, పైన కొసలో వాడిపోయిన పువ్వులా విచ్చుకుని ఉంది.

"చూశారా మేడం, ఈ పిల్లకు నాళం గోడలో ఏటవాలుగా లేదు, పుట్టుకతోనే నిటారుగా ఉంది. నిండినప్పుడల్లా, పోసినప్పుడల్లా, మూత్రం వెనక్కి కిడ్నీకే పోతోంది. దాంతోపాటు క్రిములు కూడా. ఎడమది ఎండిపోయింది, ఇక పనికిరాదు. కుడిదానికి కూడా మొదలైంది," అన్నది. తరవాత మంచం వైపు తిరిగి, "ఒంటికి పోతున్నప్పుడు నడుములోకి పొడిచినట్టు నొప్పి వచ్చి ఉండాలే! ఇన్నేళ్ళు ఎవరికీ చెప్పలేదా తల్లీ నువ్వు?"

"నాకైతే చెప్పలేదమ్మా, జరమొచ్చింది అంటే గోలి తెచ్చిచ్చేదాన్ని," అన్నది తల్లి.

పిల్ల నా వైపు చూసింది. కోపంగా కాదు, మామూలుగా, తరగతిలో జవాబు కోసం చూసినట్టు చూసింది. నాకు చెప్పింది డాక్టరుగారూ, నన్ను అడిగింది, నేనే వినలేదు అని ఒక్క వాక్యం చాలు. బస్సులో కూర్చుకున్న మాటలన్నీ ఉన్నాయి. నేను ఫిల్ము వైపు తిరిగి, కుడిది కొంచెం కిందికి ఉన్నట్టుంది కదండీ అన్నాను. అవునండీ, అది మామూలే అన్నది డాక్టరమ్మ. ఆ మాట నా నోట ఎలా వచ్చిందో నాకు ఈనాటికీ తెలియదు. తెలివైనదానిలా కనబడాలనిపించి ఉండాలి.

డాక్టరమ్మ న్యాయంగానే చెప్పింది, ఆపుకోవడం వల్ల పుట్టిన జబ్బు కాదిది, కానీ నీళ్ళు తాగకపోవడమూ ఆపుకోవడమూ దాన్ని ముదరబెట్టాయి, ఒకటి రెండేళ్ళ ముందు తెలిసినా మందులతో చాలావరకు కాపాడేవాళ్ళం, అని. ఈ మాటల్లో మొదటి సగాన్ని పట్టుకుని చాలా ఏళ్ళు నన్ను నేను సముదాయించుకున్నాను. పాఠం చెప్పిన రోజుకూ ఆసుపత్రికీ మధ్య మూడు వారాలే కదా, అప్పటికే ఎండిపోయి ఉంటుంది కదా అని. రెండో సగం తలుచుకుంటే మాత్రం, ఆ పిల్ల మూడేళ్ళపాటు నా ముందు వేలెత్తి నిలబడటం కళ్ళముందుకు వస్తుంది.

హైదరాబాదులో పెద్దాసుపత్రికి పంపారు. ఎడమ కిడ్నీ తీసేశారు. కుడివైపు నాళాన్ని కోసి, మళ్ళీ ఏటవాలుగా దారి చేసి అతికించారు. ఎడమ కిడ్నీ నెత్తినున్న గ్రంథిని మాత్రం తియ్యలేదట, దాని పని దానిది, అది అక్కడే ఉండిపోతుందట. ఆ సంగతి ఎవరో చెబితే విని, నా చార్టులోని పసుపు టోపీ గుర్తొచ్చింది. కింద పిండం లేకుండా ఒక్కటే, భయం వేసినప్పుడు రసం ఊరే గ్రంథి. ఆ ఏడు చార్టు బీరువాలోంచి తియ్యలేదు. ఆ తరవాత కూడా తియ్యలేదు.

పిల్ల మరుసటి జూన్‌లో తిరిగి వచ్చి, తనకంటే చిన్నవాళ్ళ మధ్య కూర్చుని పదో తరగతి చదివింది. అప్పటికి నేను తాళంచెవిని పదో తరగతి తలుపు పక్క మేకుకు తగిలించేశాను. తోటి టీచరు రెండు నెలలు నాతో మాట్లాడలేదు. నీళ్ళు పొయ్యరన్న నా జోస్యం కూడా ఫలించలేదు, వంతులు వేసుకుని పిల్లలు మాకంటే శుభ్రంగా ఉంచారు. ఇదంతా మంచిపనే, కానీ ఎందుకు చేశానో ఆ పిల్లకు చెప్పలేదు. ఒక్క మాట, తప్పయిందమ్మా అన్న మాట, టీచరు పిల్లతో అనే మాటేనా అన్న అహం ఒకటి, అంటే ఏడుస్తానేమోనన్న భయం ఒకటి. ఆ ఏడాదంతా ఆ పిల్ల బుద్ధిగా చదివింది, బాగానే పాసయింది. నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఆ తరవాత నాకు బదిలీ అయింది.

స్కానింగు నుంచి వచ్చిన రాత్రి నిద్ర పట్టక, మర్నాడు మా క్యాంపులో పాత కూలీల ఆచూకీ అడిగించాను. తల్లి పోయి నాలుగేళ్ళయిందట. పిల్ల, పిల్లేమిటి నలభైకి దగ్గరపడి ఉంటుంది, మద్నూరు అవతల ఒక ఊళ్ళో అంగన్‌వాడీ టీచరుగా చేస్తున్నదట. కోడలికి పాత శిష్యురాలిని చూసొస్తానని మాత్రం చెప్పి, బిచ్కుంద మీదుగా పోయే బస్సెక్కాను.

బడి చిన్నదే, ముందు రేకుల పందిరి. పిల్లలకు అన్నం పెట్టి ముగిస్తున్న వేళకు వెళ్ళాను. ఒళ్ళు చేసింది, కళ్ళద్దాలు వచ్చాయి, అయినా నిలబడిన తీరులో గుర్తుపట్టాను. నన్ను కూడా ఆమె వెంటనే గుర్తుపట్టింది. చేయి కడుక్కుని వచ్చి నమస్తే పెట్టి, నేను నోరు విప్పేలోపే, "దూరంకెళ్ళి వచ్చిండ్రు టీచర్, ముందుగాల బాత్రూముకు పోయి రాండ్రి, గీ పక్కకే ఉన్నది, నీళ్ళున్నయి," అన్నది. ఏ ఆడమనిషి వచ్చినా ఆమె మొదట చెప్పేది అదేనట, పక్కనున్న ఆయా నవ్వుతూ చెప్పింది. నేను లోపలికి వెళ్ళి తలుపు వేసుకుని, ఏడుపు ఆగేదాకా అక్కడే నిలబడ్డాను.

చాయ్ తెప్పించి, నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, తాను చాప మీద కూర్చుంది. కిడ్నీ ఒక్కటే ఉన్నా మంచిగనే నడుస్తున్నదనీ, కూతురు పుట్టినప్పుడు డాక్టర్లు చాలా ఫికర్ చేశారు కానీ ఏమీ కాలేదనీ, ఆ కూతురు ఇప్పుడు నిజామాబాదులో నర్సింగు చదువుతున్నదనీ చెప్పింది. ఇక ఆగలేక నేను మొదలుపెట్టాను. ఆ రోజు నువ్వు అడిగావు, నేను విననూ లేదు, గడప దగ్గర నిలబెట్టాను, నీ ప్రశ్నే సరైనది, నేను చెప్పిన జవాబే తప్పు, అని వరస లేకుండా ఏదేదో అన్నాను. ఆమె తల వంచుకుని చాప పుల్లలు సర్దుతూ విన్నది.

"యాదికున్నది టీచర్," అన్నది. "గా దినం పోరగాళ్ళు నవ్విండ్రు, అది మర్శిపోయిన. నిలవెట్టిండ్రు, అదీ పోనీ. కని దవాఖాన్ల... డాక్టరమ్మ ఎవరికి చెప్పలేదా అని అడిగింది సూడుండ్రి, మీరు చెప్తరనుకున్న. మిమ్ముల్నే సూసుకుంట ఉన్న. మీరు చెప్పలే. మా అవ్వ సచ్చిపొయ్యేదాంక నన్నే అన్నది, గింత నొస్తుంటే ఎవ్వలకు చెప్పకపోతివి కదనే, నోరున్నది ఎందుకే అని."

నేను కుర్చీ దిగి చాప మీద ఆమె పక్కన కూర్చున్నాను. తప్పయింది తల్లీ అన్నాను. పోనీయండి టీచర్ అనలేదు ఆమె, అంటుందని నేను ఆశపడ్డాను, అది కూడా ఒప్పుకోవాలి. నా చేతిని పట్టుకుంది, లేదా నేను పట్టుకున్న చేతిని వెనక్కి తీసుకోలేదు, రెండింటిలో ఏదో చెప్పలేను. "చాయ్ సల్లారుతుంది, తాగుండ్రి," అన్నది. తాగాను. బస్సు వేళ అయితే రోడ్డుదాకా వచ్చి, సరిహద్దు అవతలి నుంచి వచ్చే ఆ బస్సు డ్రైవరుకు మరాఠీలో ఏదో చెప్పి నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టింది.

ఇప్పుడు ఏ ఊరి బడికి వెళ్ళినా ఆడపిల్లలకు వేరే గదులున్నాయి. కొన్నిటికి నీళ్ళు లేవు, కొన్నిటికి తాళాలున్నాయి, అయినా ఉన్నాయి. మా మనవరాలు నీళ్ళ సీసా లేకుండా గడప దాటదు, నిండు బస్సులో ఆపమని డ్రైవరుతో గట్టిగా చెబుతుంది, నేను పక్కన కూర్చుని లోపల్లోపల సిగ్గుపడుతూనే మురిసిపోతాను. ఒంట్లో ఏ మూల ఏమనిపించినా ఫోను తీసి అడుగుతుంది. ఫోను నవ్వదు, భాష దిద్దదు, గడప దగ్గర నిలబెట్టదు. పిల్లలు పంతుళ్ళను అడగడం తగ్గించేశారని నా తోటివాళ్ళు బాధపడుతుంటే నేను వాళ్ళతో గొంతు కలపలేకపోతున్నాను. ఆ రోజుల్లో పిల్లలకు మేము తప్ప పుస్తకం లేదు, మేము తప్ప డాక్టరు లేడు. తన ఒంట్లో జరుగుతున్నదాన్ని బొమ్మలో గుర్తుపట్టి, అందరి ముందూ లేచి నిలబడిన ఆ పిల్లకు, అడగడానికి నేను తప్ప ఇంకెవరూ లేరు.